అతని చూయింగ్ గమ్, నా అరచెయ్యి

నిన్న పొద్దున్నే విశాఖ నుంచి ఫోను. "సార్, సంవత్సరీకానికి స్మారక సంచిక తెస్తున్నాం. ఆయనతో ఆరేళ్లు ఒకే స్టేజీ మీద నిలబడ్డ మనిషి మీరు. రెండు పేజీలు రాసివ్వాలి. ఫీల్ ఉండాలి సార్" అన్నాడు కళాకారుల సంఘం కార్యదర్శి.

ఫీల్! మనిషి పోయి ఏడాది కావస్తున్నా ఆ మాట మాత్రం పోలేదు. ఫోను పెట్టేశాక నా కుడి అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాను. చేతికేమీ అంటలేదు. అలవాటు, అంతే.

అతని పేరు రాయను. పేరంటే అతనికి ప్రాణం. క్యాసెట్ కవరు మీద, పోస్టర్ల మీద, ఆఖరికి నా బాస్ గిటారు పెట్టె మీద కూడా తన పేరున్న స్టిక్కరే అతికించినవాడు. ఈ ఒక్క చోటైనా అది లేకుండా ఉండనీ. కార్యదర్శిగారు 'ఆయన' అన్నారు, నేను 'అతను' అనే రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి.

ముందు చూయింగ్ గమ్ సంగతి చెప్పాలి. స్టేజీ ఎక్కేటప్పుడు అతని నోట్లో చూయింగ్ గమ్ ఉండి తీరాలి. పాడేముందు తీసెయ్యాలి. తీసి పారేస్తాడా? పారెయ్యడు. పక్కన నేను ఉంటాను కదా, "కాస్త పట్టుకో నాన్నా" అని నా అరచేతిలో పెట్టేవాడు. వెచ్చగా, తడిగా, పంటిగాట్లతో సహా. నేను దాన్ని ఆంప్లిఫయరు మీద అంటించి, వేళ్లు ప్యాంటుకు రాసుకుని, నా తీగల మీద చెయ్యి వేసేవాణ్ని. పాట అయ్యాక మళ్లీ అక్కణ్ణుంచి గిల్లి నోట్లో వేసుకునేవాడు. మొదటిసారి చేసినప్పుడు అందరం నవ్వాం. రెండోసారి నేనొక్కణ్ణే నవ్వాను. మూడోసారికి అది నా డ్యూటీ అయిపోయింది.

అందర్నీ 'నాన్నా' అనేవాడు. సౌండు వాడూ నాన్నే, కలెక్టరూ నాన్నే. "మనదంతా ఒక ఫ్యామిలీ నాన్నా" అని భుజం మీద చెయ్యేస్తే ఎంత గట్టివాడైనా కరిగిపోవాల్సిందే. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. అబద్ధమెందుకు, కూర్చున్నాడు. ఆ తర్వాత ఇచ్చిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ బెంచీ గురించి చెప్పాడు. చివరికి మా అమ్మే టీవీ కట్టేసి, "ఈ అబ్బాయి నన్నింకా డిశ్చార్జి చెయ్యలేదురా" అంది.

తొంభైల నడుమ మేం నలుగురం విశాఖలో బ్యాండు పెట్టాం. అతను గొంతు, నేను బాస్, ఒక లీడ్ గిటారిస్టు, ఒక డ్రమ్మరు. అరకు వెళ్లే ప్యాసింజర్లో కొండ సొరంగాలు వస్తాయి కదా, చీకటి పడగానే పెట్టెలో జనం అందరూ ఓ అని కేకలేస్తారు. ఒకసారి తొమ్మిదో సొరంగంలో ఆ కేకల మధ్య అతనొక్కడే ఒక స్వరం పట్టుకుని నిలబెట్టాడు. కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రైలు వెలుగులోకి వచ్చేదాకా ఆ స్వరం ఒక్కటే వినిపించింది. మా ఎదురుగా సంతకు పోతున్న ముసలావిడ చేతిలో చుట్ట అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆ రోజే మా బ్యాండుకి 'టన్నెల్ నైన్' అని పేరు పెట్టుకున్నాం. ఆ గొంతు నిజం. దాన్ని నేను కాదనను. అంత మంచి గొంతు ఆ నోట్లోనే ఎందుకు పుట్టిందన్నదే నా బాధ.

ఇంటర్వ్యూల్లో "నేను అడవి బిడ్డని" అనేవాడు. వాళ్ల నాన్నకి అరకు సంతలో బట్టల కొట్టు ఉండేది. మైదానం నుంచి వెళ్లి స్థిరపడ్డ షావుకార్లు వాళ్లు. అడవి బిడ్డలు ఆ కొట్టు అరుగు కింద నిలబడి బేరమాడితే, ఇతను అరుగు మీద బట్టల మూటలెక్కి కూర్చుని పెరిగాడు. కొండ భాష కొంచెం వచ్చు, కొండవాళ్ల పద్ధతులు బాగా తెలుసు. ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి. కొండవాళ్లెవరైనా చెయ్యి కలిపితే రెండు చేతులతో పట్టుకుని ఊపేవాడు. వాళ్లు అటు తిరగ్గానే జేబురుమాలు తీసేవాడు.

మా మొదటి క్యాసెట్టుకి కొండ దరువు కావాలన్నాడు. ధింసా ఆటకి తుడుం వాయించడంలో గాసిని మించినవాడు లేడని సంతలో ఎవర్నడిగినా చెబుతారు. గాసి వాళ్ల ఊరికి బయల్దేరాం. దారిలో గెడ్డ అడ్డమొచ్చింది. మోకాలి లోతు నీళ్లు. ఇతను తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. మమ్మల్ని తీసుకెళ్లడానికి ఎదురొచ్చిన గాసిని చూసి, "గాసీ, కాస్త వంగు నాన్నా" అన్నాడు. గాసి మా అందరికంటే పదేళ్లు పెద్ద. వంగాడు. ఇతను ఆ వీపు మీదెక్కి, బూట్లు రెండూ ముందుకి చాపి, పాట అందుకుని గెడ్డ దాటాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగాను. అదే పెద్ద గొప్ప అనుకున్నాను అప్పట్లో.

స్టూడియోలో గాసి తుడుం మొదట పలకలేదు. ఏసీ చలికి తోలు సాగిపోయింది. "నిప్పు కావాల బాబూ" అన్నాడు గాసి. అంత ఖరీదైన గదిలో నిప్పేమిటని ఇంజనీరు గుండెలు బాదుకుని, చివరికి కింద లాండ్రీ నుంచి ఇస్త్రీపెట్టె తెప్పించాడు. గాసి దాన్ని తోలుకి దగ్గరగా పట్టి, అటూ ఇటూ తిప్పి, చెవి ఆనించి విని, పుల్లలు తీసుకున్నాడు. ఆ మొదటి దెబ్బకి మా డ్రమ్మరు తన పుల్లలు కింద పెట్టేశాడు.

పాట అయింది. ఇంజనీరు "కట్" అన్నాడు. గాసి ఆపలేదు. చెయ్యి ఊపినా ఆపలేదు. అద్దం అవతల ఇతను నిలబడి ఆ దరువుకి చిందేస్తున్నాడు. గాసి కళ్లు అతని కాళ్ల మీదే ఉన్నాయి. చెమట కణతల మీంచి కారుతోంది. పావుగంట గడిచింది. గాసి వాయిస్తూనే నా వైపు తిరిగి, "బాబూ, సెయ్యెయ్యి. తుడుం మీద సెయ్యెయ్యి" అన్నాడు. అర్థం కాకపోయినా లేచి వెళ్లి తోలు మీద అరచెయ్యి పెట్టాను. పుల్లలు గాలిలోనే ఆగిపోయాయి. గాసి గోడకి చేరబడి పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఏమైంది గాసీ, ఎందుకాపలేదు?" అన్నాను.

"ఆడినోలి కాలు ఆగకుండా మన సెయ్యి ఆగకూడదు బాబూ. ఆట మద్దిలో ఆపీసినామంటే ఆ ఆడినోలికి కీడు. ఆ పాపం మనదే."

"మరి నువ్వు అలిసిపోతే?"

"ఎవులో ఒకలు ఒచ్చి ఇలాగ సెయ్యేత్తారు. సిన్న గుంటడు ఏసినా సెల్లుతాది. అప్పుడు ఆటా ఆగిపోద్ది, అందరం కూకుని అంబలి తాగుతాం. ఎవులికీ తప్పు నేదు."

"ఎవరూ వెయ్యకపోతే?"

గాసి నన్ను వింతగా చూశాడు. "ఎందుకెయ్యరు బాబూ? మనిసి అలిసిపోతన్నాడని కనపడదేటి?"

అంతలో అద్దం తలుపు తోసుకుని ఇతను వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఈ పద్ధతి అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే చిందేశాడు. గాసి తల మీద చెయ్యేసి, "భలే ఐటం నాన్నా ఇది! స్టేజీ మీద పెడితే పిచ్చెక్కిపోతారు" అన్నాడు.

పెట్టాడు. పాట పేరు 'ఆపొద్దు ఆపొద్దు'. పాట చివర్లో మేమందరం తగ్గిపోవాలి, తుడుం ఒక్కటే మోగాలి, ఇతను ఆడాలి. "మా గాసి గెలుస్తాడా, నేను గెలుస్తానా?" అని మైకులో అడుగుతాడు. జనం ఈలలు. ఆడుతూ ఆడుతూ స్టేజీ అంచుకి వెళ్లి సోడా తాగుతాడు, ఒక పాదం మాత్రం నేల మీద కొడుతూనే ఉంటాడు. కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు, ఆ పాదం ఆగదు. మొదటి వరసలో ఆడపిల్లలకి ఆటోగ్రాఫులు ఇస్తాడు, పాదం ఆగదు. అతనికి అది ఆట కూడా కాదు, ఒక్క బొటనవేలు ఆడిస్తే చాలు. అవతల మనిషి రెండు చేతులూ భుజాల దగ్గర్నుంచి ఊడిపోతున్నట్టు వాయించాలి. మధ్యలో నా వైపు తిరిగి కన్ను కొట్టేవాడు.

జనం చేత వన్స్‌మోర్ కొట్టించుకున్న మా ఐటం ఇదీ! కేబుల్ టీవీల్లో రోజుకి నాలుగుసార్లు వేసేవారు. సాలూరు నుంచి అడ్డతీగల దాకా ఏ సంతలో చూసినా ఆ క్యాసెట్టే మోగేది. మేం కార్లలో తిరిగాం.

గాసిని అడిగాను ఒకసారి, మానెయ్యకూడదా అని. "వాయించడం నాకిష్టం బాబూ. వాయించకపోతే సేతులకి తోసదు" అన్నాడు. పుల్లలు తుడిచి పెట్టుకుంటూ, "అయినా నువ్వు ఉన్నావు గదా పక్కన" అన్నాడు. నేను సిగరెట్టు వెలిగించుకున్నాను.

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. ప్రతి షోలోనూ ఒక క్షణం వచ్చేది. గాసి పెదాలు తడి ఆరిపోయేవి. అప్పుడు జనాన్ని కాదు, ఇతన్ని కాదు, నన్ను చూసేవాడు. ఒక్క చూపు. నేను గాసికి నాలుగడుగుల దూరంలో ఉండేవాణ్ని. గిటారు మెడలో వేలాడుతుంది, పడిపోదు. నాలుగడుగులు వేసి అరచెయ్యి పెడితే సరిపోతుంది. ఎవరికీ తప్పు లేదు, చిన్న పిల్లాడు వేసినా చెల్లుతుంది. నేను తల వంచుకుని, మోగని తీగల్ని శ్రుతి చేస్తున్నట్టు నటించేవాణ్ని. ఐటం పాడైతే ఇతను నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. బాస్ వాయించేవాళ్లు ఊరికి పదిమంది.

ఏదో ఉత్సవాల్లో, మంత్రులూ ఆఫీసర్లూ ముందు కూర్చున్న సాయంత్రం, ఇతనికి పూనకం వచ్చింది. ఎంతసేపు ఆడాడో తెలీదు. తుడుం చప్పుడు మారింది. తల తిప్పి చూస్తే తోలు మీద ఎర్రటి చుక్కలు. గాసి కుడి బొటనవేలి దగ్గర చర్మం చీలిపోయి, పుల్ల చేతిలో జారుతోంది. జారకుండా ఉండటానికి వేలు విరిగేంతగా అదిమి పట్టుకుంటున్నాడు. నన్ను చూశాడు. ఈసారి ఒక్క చూపు కాదు, చూస్తూనే ఉన్నాడు. నా అరచెయ్యి బరువుగా ఉంది. చూసుకుంటే, చూయింగ్ గమ్. ఆ పూట ఆంప్లిఫయరుకి అంటించడం మర్చిపోయి, వేళ్ల మధ్యే ఉంచుకుని వాయించేశాను. ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి అని చూసుకుంటున్నాను నేను. ఒట్టు, నా బుర్రలో అప్పుడున్న ఆలోచన అదొక్కటే. పుల్ల గాసి చేతిలోంచి ఎగిరి మంత్రిగారి ముందు పడేదాకా ఎవరూ కదల్లేదు.

జనం ఇతను గెలిచాడని చప్పట్లు కొట్టారు.

లోపల గదిలో ఇతను గాసిని కావలించుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. "ఏం ఫీల్ ఇచ్చావు నాన్నా!" అన్నాడు, కళ్లలో నిజంగానే నీళ్లు. తర్వాత జేబురుమాలు తీసి తన పెదాలు తుడుచుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి వేలు చాపాడు. చూయింగ్ గమ్ ఇచ్చాను. నోట్లో వేసుకున్నాడు.

గాసి తుడుం భుజాన వేసుకుంటూ, "ఆటలో ఆగిపోనాది బాబూ. ఆ బాబుకి ఏటీ అవకుండా ఊల్లో కోడిని కోయించాల" అన్నాడు. ఇతనికి కీడు జరుగుతుందని ఆ మనిషి భయం! ఆ తర్వాత గాసి మళ్లీ రాలేదు.

తుడుం లేని టన్నెల్ నైన్‌ని ఎవరు వింటారు? ఏడాదిలో విడిపోయాం. విడిపోయామని చెప్పుకోకూడదు, 'సోలో ప్రాజెక్టులు' అనాలని ఇతనే నేర్పాడు. లీడ్ గిటారిస్టు మాలధారణ సీజన్లో భక్తి క్యాసెట్లు చేశాడు. డ్రమ్మరు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాడు. నేను కేబుల్ టీవీ ప్రకటనలకి బాణీలు కట్టాను. చీరల కొట్టుకి ఒకటి, ఆవకాయకి ఒకటి, రెండింటికీ బాణీ ఇంచుమించు ఒకటే. ఇతని సోలో సీడీ పేరు 'నేను'. అట్ట మీద తుడుం మెడలో వేసుకుని నిలబడ్డ ఫొటో. పట్టుకోవడం కూడా తలకిందులుగా పట్టుకున్నాడు. లోపల, స్టూడియోలో మొదటిరోజు గాసి వాయించిన దరువులోంచి ఒక ముక్క కోసి, కంప్యూటర్లో పెట్టి, అదే ముక్క మళ్లీ మళ్లీ తిప్పాడు. 'తుడుం: నేనే' అని అచ్చు వేయించుకున్నాడు. సీడీ ఆడలేదు కానీ ఆ దరువు ఆడింది. అరకులో ప్రతి రిసార్టులోనూ టూరిస్టులు మంట చుట్టూ గెంతడానికి అదే పెట్టేవారు.

అతను గుండెపోటుతో పోయాడు. అరకులోనే, వారాంతాల్లో పాడే ఒక రిసార్టులో. సంతాప సభ కూడా ఆ పచ్చిక మీదే, పగలు పదకొండింటికి. నిలువెత్తు ఫ్లెక్సీ పెట్టారు. ఒక కాలు పైకెత్తి చిందేస్తున్న ఫొటో. పక్కన రెండు పెద్ద స్పీకరు బాక్సుల్లో అదే దరువు, సన్నగా. లీడ్ గిటారిస్టు ఏడ్చాడు. ఒకాయన "అడవి తన బిడ్డని కోల్పోయింది" అన్నాడు. నేను ముందు వరసలో, సౌండు బల్ల పక్కనే కూర్చున్నాను. జేబులో నేను చదవాల్సిన కాగితం ఉంది. అందులో 'ఫ్యామిలీ' అనే మాట రెండుసార్లు ఉంది.

గాసి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు. జుట్టు బాగా నెరిసింది. కుడి బొటనవేలు వంకరగా అతుక్కుంది. కుర్చీల్లో కూర్చోకుండా వంటవాళ్ల దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు స్పీకరు బాక్సుల వైపే చూశాడు. తన దరువు తను గుర్తుపట్టడా? ఇక్కడ ఎవరు ఆడుతున్నారా అని పచ్చికంతా వెతికాడు. ఎవరూ ఆడటం లేదు. ఫ్లెక్సీలో ఉన్న ఆ కాలు చూశాడు. దరువు తిరుగుతూనే ఉంది.

మెల్లగా జనం మధ్యలోంచి నడిచొచ్చి, ఒక బాక్సు ముందు వంగి, దాని మీద అరచెయ్యి వేశాడు. చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. దరువు ఆగలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. "తాగొచ్చినట్టున్నాడు, ఎవరైనా అవతలికి తీసుకెళ్లండి" అన్నాడు మైకు దగ్గరున్నాయన.

అప్పుడు గాసి తల తిప్పి నన్ను చూశాడు. అదే చూపు. ఏళ్లు గడిచినా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

నేను లేచాను. సౌండు బల్ల నాకు రెండడుగుల్లోనే ఉంది. మీట కిందికి లాగాను. పచ్చికంతా చప్పున నిశ్శబ్దమైపోయింది. "ఏంటండీ ఇది, సభ మధ్యలో?" అని కార్యదర్శిగారు నా మీదికొచ్చారు. వారికి ఆ రోజు కోపం వచ్చింది, నిన్న ఫోనులో గుర్తున్నట్టు లేదు.

గాసి బాక్సు మీంచి చేతులు తీసి పంచెకు తుడుచుకున్నాడు. నా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నట్టు అన్నాడు:

"ఈపాలి బేగి లెగిసినావు బాబూ."